ఇంప్లాంట్ ఖరీదును ఎన్ని నెలలతో భాగించాలి?

గర్భనిరోధక ఇంప్లాంట్ చూడటానికి అగ్గిపుల్లలా ఉంటుంది. 4 సెంటీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల మందం. మోచేతికి పైన, చేతి లోపలివైపు చిన్న మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, దీన్ని చర్మం కిందికి ఎక్కిస్తారు. ఆ తర్వాత వేలితో తడిమితే సన్నగా తగులుతుంది. ఇక మూడేళ్ల దాకా రోజూ గుర్తుపెట్టుకోవాల్సిన పనేమీ లేదు.

లోపల ఉండేది 68 మిల్లీగ్రాముల ఎటోనోజెస్ట్రెల్ అనే హార్మోన్. మొదటి వారాల్లో రోజుకు 60–70 మైక్రోగ్రాములు, మూడో ఏడాది చివరికి 25–30 మైక్రోగ్రాములు బయటికి వస్తుంది. అండం విడుదల కాకుండా ఆపడానికి, గర్భాశయ ముఖద్వారం దగ్గరి జిగురు చిక్కబడటానికి ఆ కాస్తా చాలు.

డబ్బు మాత్రం మొత్తం మొదటిరోజే పెట్టాలి. అందుకే మాత్రల షీటు పక్కన పెడితే ఇంప్లాంట్ ఖరీదైనదిగా కనిపిస్తుంది. ఈ పోలికలో మనిషి మతిమరుపును లెక్కలోకి తీసుకోవడం లేదు. ఒక్కరోజూ తప్పకుండా వేసుకుంటే మాత్ర చక్కగా పనిచేస్తుంది. కానీ ప్రయాణాలు, జ్వరాలు, పనుల టెన్షన్ మధ్య మామూలుగా వాడేవాళ్లలో ఏడాదికి 100 మందిలో దాదాపు ఏడుగురికి గర్భం వస్తుంది. ఇంప్లాంట్‌తో అయితే 1,000 మందిలో సుమారు ఒక్కరికే. అనుకోని గర్భంతో వచ్చే ఆస్పత్రి ఖర్చుల్ని కూడా కలిపితే లెక్క తిరగబడుతుంది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2005లో ఈ లెక్క వేసి, ఒక్క ఏడాది వాడినా మాత్రల కన్నా ఇంప్లాంట్లే గిట్టుబాటని తేల్చింది. మధ్యలో ఆగిపోయిన చదువు, పోయిన ఉద్యోగం ఇలాంటి లెక్కల్లోకి సాధారణంగా రావు. వస్తే తేడా ఇంకా పెరుగుతుందని నా నమ్మకం.

2013లో పేద దేశాల కోసం కుదిరిన ఒప్పందంతో ఇంప్లాంట్ ధర సుమారు 18 డాలర్ల నుంచి 8.50కి దిగింది. మూడేళ్లు ఉంచుకుంటే నెలకు పాతిక సెంట్లు కూడా పడదు. అదే ఆరు నెలలకే తీయించుకుంటే నెలకు 1.40 డాలర్లు దాటుతుంది.

మరి త్వరగా ఎందుకు తీయించుకుంటారు? ఎక్కువగా నెలసరి క్రమం తప్పడం వల్లే. కొందరికి మరకలు, కొందరికి ఎక్కువ రోజులు రక్తస్రావం, కొందరికి పూర్తిగా ఆగిపోవడం. ముందు చెప్పకపోతే ఎవరైనా హడలిపోతారు. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో చేసిన ఒక పెద్ద అధ్యయనంలో అన్ని పద్ధతులనూ వివరించి, కోరుకున్నది ఉచితంగా ఇచ్చారు. ఇంప్లాంట్ ఎంచుకున్నవాళ్లలో 100కి 83 మంది ఏడాది తర్వాత కూడా దాన్ని ఉంచుకున్నారు. అందుకే కౌన్సెలింగ్‌కు పెట్టే అరగంటను నేను దండగ ఖర్చుగా చూడలేను.

అలాగని ఎక్కువ నెలలు ఉంచితేనే లాభమని స్త్రీల మీద ఒత్తిడి తేవడం అన్యాయం. ఆరు గొట్టాలుండే పాత రకం ఇంప్లాంట్ నార్‌ప్లాంట్‌ను అమెరికా 1990 డిసెంబరులో ఆమోదించింది. నెల తిరక్కుండానే కాలిఫోర్నియాలో ఒక న్యాయమూర్తి, జైలు శిక్ష తర్వాతి ప్రొబేషన్‌కు, అంటే కోర్టు నిఘాలో బయట గడిపే కాలానికి, షరతుగా దాన్ని పెట్టించుకోవాలని ఒక మహిళను ఆదేశించారు. ఇలా బలవంతంగా పెడతారన్న భయం ఇంకా పూర్తిగా పోలేదు. ఎక్కించడం నిమిషాల పని. తీయడానికి మాత్రం చిన్న కోత పెట్టి, పుల్లను వెతికి పట్టుకునే చేయి తిరిగిన నర్సు కావాలి. వద్దన్నరోజే తీసిపెట్టే ఆ నర్సు జీతాన్ని కూడా ఇంప్లాంట్ ధరలో కలిపే లెక్క వేయాలి. తీశాక చాలామందికి కొన్ని వారాల్లోనే అండం విడుదల మళ్లీ మొదలవుతుంది.