ఆపరేషన్ అయిపోయింది కదా, మళ్లీ స్కాన్ ఎందుకు?

గుండె నుంచి ఒంటికంతా రక్తం తీసుకెళ్లే పెద్ద రక్తనాళం బృహద్ధమని. అది ఉబ్బితే చేసే ఆపరేషన్ అయినవాళ్ల ఇళ్లలో తరచూ వినిపించే మాట ఇది: "శుభ్రంగా తిరుగుతున్నాను, ఏటా ఈ సీటీ గోల ఏమిటి?" ఈ గోల వెనుక డెబ్భై ఏళ్లకు పైబడిన కథ ఉంది.

1948లో న్యూయార్క్‌లో సర్జన్ రుడాల్ఫ్ నిస్సెన్ ఐన్‌స్టీన్ పొట్ట తెరిచి చూస్తే బృహద్ధమని బాగా ఉబ్బి ఉంది. ఉబ్బిన భాగాన్ని తీసేసి కొత్త గొట్టం కుట్టే పద్ధతి అప్పటికి రాలేదు. అందుకని ఉబ్బు చుట్టూ సెల్లోఫేన్ చుట్టి వదిలారు. ఆరేళ్లు గడిచాయి. 1955 ఏప్రిల్‌లో ఆ ఉబ్బే పగిలింది. మళ్లీ కత్తి పెట్టనివ్వలేదు ఆయన.

1951లో పారిస్‌లో చార్లెస్ డ్యూబోస్ట్ ఉబ్బును కోసి తీసేసి, చనిపోయిన మనిషి ధమని ముక్కను అతికారు. అలాంటి ముక్కలు ఏళ్లు గడిచేకొద్దీ పాడయ్యేవి. డేక్రాన్ అనే కృత్రిమ బట్టతో చేసిన గొట్టాలు వచ్చాక ఆ బెంగ తగ్గింది. అయినా కుట్టు దగ్గర కొత్త ఉబ్బు రావడం, గ్రాఫ్ట్‌కు, అంటే అతికిన గొట్టానికి, ఇన్‌ఫెక్షన్ పట్టడం లాంటివి ఏళ్ల తర్వాత కూడా బయటపడేవి.

అసలు మలుపు 1990లో, బ్యూనస్ ఎయిర్స్‌లో. హువాన్ పరోడి గజ్జల్లోని ధమని గుండా స్టెంట్ గ్రాఫ్ట్‌ను, అంటే లోహపు చట్రం ఉన్న బట్ట గొట్టాన్ని, ఉబ్బిన చోటికి పంపారు. పొట్ట కోయక్కర్లేదు, పేషెంట్ త్వరగా ఇంటికి వెళ్లిపోవచ్చు. కానీ పాత ఉబ్బు లోపల అలాగే ఉంటుంది, గ్రాఫ్ట్‌ను గోడకు కుట్టరు కూడా. అంచు సరిగ్గా అంటుకోకపోయినా, పక్క ధమని నుంచి రక్తం వెనక్కి వచ్చినా ఆ ఉబ్బు సంచి మళ్లీ నిండుతుంది. దీన్నే ఎండోలీక్ అంటారు. నొప్పి ఉండదు, ఏ లక్షణమూ ఉండదు. సీటీలో మాత్రం గ్రాఫ్ట్ బయట తెల్లటి మరక కనిపిస్తుంది. నెమ్మదిగా కారే లీకైతే మొదటి విడత బొమ్మల్లో పడదు, కాసేపాగి రెండోసారి తీయాలి.

స్టెంట్‌ను, పొట్ట కోసి చేసే ఆపరేషన్‌ను పోల్చి చూసేందుకు బ్రిటన్‌లో 1999లో మొదలైన ఈవీఏఆర్-1 ట్రయల్ 15 ఏళ్ల ఫలితాలు 2016లో వచ్చాయి. తొలి నెలల్లో స్టెంట్‌దే పైచేయి. ఎనిమిదేళ్లు దాటాక లెక్క తిరగబడింది, పాత సంచి పగలడం వల్ల చావులు స్టెంట్ పెట్టినవాళ్లలోనే ఎక్కువయ్యాయి. జీవితాంతం చూసుకోవాలన్న మాటకు అప్పుడు బలం వచ్చింది.

అలాగని ఏటా రంగుమందు ఎక్కించి సీటీ తీస్తే కిడ్నీలకు భారం, రేడియేషన్ అదనం. అందుకే మొదటి నెల సీటీలో, ఏడాది సీటీలో లీకు లేకపోతే ఆ తర్వాత ఏటా డాప్లర్ (రక్త ప్రవాహాన్ని చూపే అల్ట్రాసౌండ్ స్కాన్) చాలంటున్నారు. సంచి 5 మిల్లీమీటర్లో అంతకన్నా ఎక్కువో పెరిగితే మళ్లీ సీటీ తప్పదు. ఆ పెరుగుదల తేలాలంటే పాత బొమ్మలు పక్కన ఉండాలి. ఊరు మారినా, ఆస్పత్రి మారినా మొదటి నెల సీటీ సీడీని ఫైల్లోంచి తీయకండి.