“ఇవాళ సెలవా సార్?”: ఇంట్లో ఉండే నాన్న మీద అపోహలు - వాస్తవాలు

పాపకు ఆరో నెల నిండగానే మా ఆవిడ ఆఫీసుకు వెళ్ళింది, నేను ఉద్యోగం మానేశాను. రెండేళ్ళయింది. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ మాత్రం ఇప్పటికీ “ఇవాళ సెలవా సార్?” అనే అడుగుతాడు.

అపోహ: మగాడికి పసిబిడ్డ పని రాదు.

వాస్తవం: రాదు, నిజమే. నేర్చుకోకుండా ఎవరికీ రాదు. మొదటిసారి లాల పోసేటప్పుడు మా ఆవిడ చేతులూ వణికాయి. పాపకు రెండో నెలలో నేను వారం సెలవు పెట్టి వెళ్తే, అత్తయ్యగారు నన్ను పీట మీద కూర్చోబెట్టి, కాళ్ళు చాపమని, పాపను వాటి మీద పడుకోబెట్టారు. నీళ్ళ వేడి ముందు మోచేతి మీద పోసుకుని చూడాలి. తల మీద పోసేటప్పుడు ముక్కులోకి పోకుండా నుదుటికి అరచెయ్యి అడ్డం పెట్టాలి. అయిదు రోజులు పక్కనే నిలబడ్డారు. ఆరో రోజు టీవీ ముందు నుంచే “అయిందా బాబూ?” అన్నారు. పాసయ్యానని అప్పుడర్థమైంది.

అపోహ: భార్య సంపాదన మీద కూర్చుని తింటున్నాడు.

వాస్తవం: కూర్చోవడమా? పాకే పిల్ల ఉన్న ఇంట్లోనా?

అపోహ: పాలు తాగే బిడ్డకు నాన్న చేసేదేముంది?

వాస్తవం: ఆరు నెలల దాకా తల్లిపాలే చాలు, నీళ్ళు కూడా అక్కర్లేదు. ఆ తర్వాత పాలతోపాటు మెత్తగా మెదిపిన అన్నం, పప్పు మొదలుపెట్టాలి. అమ్మ పిండి ఉంచిన తల్లిపాలు ఫ్రిజ్‌లో 4 రోజుల వరకు పెట్టొచ్చు. బయట అయితే 4 గంటలే, మన ఏప్రిల్ ఎండల్లో అదీ నేను నమ్మను. వేడినీళ్ళ గిన్నెలో సీసా పెట్టి గోరువెచ్చగా చేయాలి, పొయ్యి మీద కాచకూడదు. ఏ పెద్దవాళ్ళు చెప్పినా ఏడాది లోపు తేనె నాకించొద్దు.

అపోహ: ఇప్పుడు నాన్నలకూ సెలవులున్నాయిగా!

వాస్తవం: కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 15 రోజులు ఉంది. ప్రసూతి సెలవుల చట్టానికి 2017లో చేసిన సవరణతో తల్లులకు 26 వారాలు వచ్చింది. ప్రైవేటు ఉద్యోగం చేసే తండ్రికి మాత్రం కంపెనీ ఇస్తే ఇచ్చినట్టు. నా రాజీనామా ఫారంలో కారణాల కింద పిల్లల పెంపకం లేదు. ‘ఇతరములు’ దగ్గర టిక్ పెట్టాను.

అపోహ: నాన్న ఇంట్లో ఉంటే అమ్మకు నిశ్చింత.

వాస్తవం: మా ఇంట్లో మొదటి మూడు నెలలు పని నాది, టెన్షన్ తనది. డైపర్లు ఎన్ని మిగిలాయి, టీకా ఏ తేదీన, గోళ్ళు ఎప్పుడు తీయాలి, అన్నీ తన బుర్రలోనే. ఆఫీసు నుంచి ఫోన్ చేసి గుర్తు చేసేది. “చెప్తే చేస్తున్నాగా” అనేవాణ్ణి. ఒకరోజు తను విసుగొచ్చి, “ఆ చెప్పడమే నా వల్ల కావట్లేదు” అంది. ఆ రాత్రే టీకాల కార్డు బీరువాలోంచి తీసి నా బ్యాగులో పెట్టుకున్నా. తొమ్మిదో నెల నిండాక తట్టు-రుబెల్లా టీకా వేయించుకొచ్చి, సాయంత్రం మాటల్లో చెప్పాను.

“అయ్యో, అది ఇవాళా?” అంది. మర్చిపోయిందట.