తెలుగు కొడితే అక్షరాలు ఎగిరిపోతున్నాయా? ఎడిటర్లపై అపోహలు - వాస్తవాలు

మధురవాడలో మా ఆఫీసుకు ఈ ఫోను వస్తూనే ఉంటుంది: "మీ ఎడిటర్‌లో తెలుగు కొడుతుంటే అక్షరాలు ఎగిరిపోతున్నాయండీ, ఫాంటు మార్చమంటారా?" వెబ్ యాప్‌లకు రిచ్ టెక్స్ట్ ఎడిటర్ కాంపొనెంట్ (బోల్డ్ లాంటివి పెట్టుకుంటూ రాసుకునే పెట్టె) చేయడం నా పని. ఫాంటు మారిస్తే ఇది పోదు. కీబోర్డు యాప్ తీసేసి మళ్లీ ఎక్కించుకున్నా పోదు. వాట్సాప్‌లో తిరిగే చిట్కాలు దయచేసి నమ్మకండి.

అపోహ: ఆటోమేటెడ్ టెస్టులన్నీ (మనిషి బదులు ప్రోగ్రామే చేసే పరీక్షలు) పాసయ్యాయి, కాబట్టి టైపింగ్ బాగానే ఉంది.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. ప్లేరైట్, సెలీనియం లాంటి టెస్టింగ్ టూల్స్‌లో రాసే మామూలు టెస్టు ఒక్కో కీ నొక్కినట్టు అక్షరాలు పంపుతుంది. ఫోన్‌లో ఇంగ్లిషు అక్షరాలతో "అమ్మ" అని కొడుతున్నప్పుడు అలా జరగదు. మాట పూర్తయ్యేదాకా కీబోర్డు దాన్ని తన దగ్గరే ఉంచుకుని మారుస్తూ ఉంటుంది. అదే కంపోజిషన్. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో అప్పుడు కీడౌన్‌ను (కీ నొక్కారని బ్రౌజర్ ఇచ్చే కబురు) అడిగితే చాలాసార్లు 229 అనే కోడ్ ఒక్కటే వస్తుంది, ఏ అక్షరమో చెప్పదు. ఆ మధ్యలో మన కోడ్ ఆ పేరా డామ్‌ను (బ్రౌజర్ లోపల పేజీకి ఉండే రూపం) మళ్లీ గీసిందా, అక్షరం పోతుంది, లేదా రెండుసార్లు పడుతుంది. కంపోజిషన్ మొదలైందని బ్రౌజర్ చెప్పినప్పటి నుంచి (కంపోజిషన్‌స్టార్ట్) ముగిసిందని చెప్పేదాకా (కంపోజిషన్‌ఎండ్) ఆ పేరా జోలికి పోకూడదు.

ఒక స్కూలు యాప్‌లో మా ఎడిటర్ పెట్టారు. భీమిలి వైపు తెలుగు చెప్పే ఒక టీచరమ్మ గంటసేపు పాఠం కొడితే సగం ఒత్తులు లేవు. "నాకే కొట్టడం రాలేదేమో బాబూ" అన్నారు ఫోన్‌లో. ఆ మాట నాకు చాలా కష్టమనిపించింది. తప్పు పూర్తిగా మాది. మర్నాడు వెళ్లి ఆవిడ ఫోన్‌లోనే చూశాను. అక్షరదోషాల కింద ఎర్రగీత వేయడానికి ప్రతి మార్పుకీ పేరా మొత్తం మళ్లీ గీస్తున్నాం. మా టెస్టుల్లో ఒక్కటీ ఫెయిల్ కాలేదు. అప్పటినుంచి ప్రతి రిలీజుకు ముందు ఒక పాత ఆండ్రాయిడ్ ఫోన్ పట్టుకుని అరగంట తెలుగు నేనే కొడుతున్నాను.

అపోహ: జావాస్క్రిప్ట్‌లో మాట పొడవు చెప్పే లెంగ్త్ చూస్తే అక్షరాల లెక్క తెలుస్తుంది.

వాస్తవం: "విశాఖపట్నం" మనకు 5 అక్షరాలు, జావాస్క్రిప్ట్ లెంగ్త్‌కు 10. "ట్నం" ఒక్కటే 4 కోడ్ పాయింట్లు (యూనికోడ్ ఒక్కో గుర్తుకు ఇచ్చే నంబర్లు). ఒత్తును హల్లుతో కలిపి ఒకే ముక్కగా చూసే నియమం తెలుగుకు 2023లో యూనికోడ్ 15.1తో వచ్చింది. పాత బ్రౌజర్లో సెగ్మెంటర్ (మాటను అక్షరాలుగా విడగొట్టే బ్రౌజర్ సదుపాయం) వాడినా 6 వస్తుంది. బ్యాక్‌స్పేస్‌కు ముందు సున్నా ఒక్కటే పోతే కంగారు పడకండి, అది లోపం కాదు.

ఎడిటర్‌లో శానిటైజ్ చేశాం (హాని చేసే కోడ్ తీసేశాం), సర్వర్‌లో అక్కర్లేదంటారు. అక్కరే. ఎడిటర్‌ను తాకకుండా నేరుగా ఏపీఐకి (సర్వర్ డేటా తీసుకునే దారి) స్క్రిప్ట్ పంపేవాడిని ఎడిటర్ ఎలా ఆపుతుంది? ఎడిటర్‌లో బోల్డ్ లాంటివి చేయడానికి వాడే పాత బ్రౌజర్ కమాండ్ ఎగ్జెక్‌కమాండ్ ఇంకా పనిచేస్తోంది నిజమే, కానీ డెప్రికేట్ అయింది, అంటే ఇక వాడొద్దన్నారు. కొత్త పని దాని మీద మొదలుపెట్టకండి.

అపోహ: బోల్డ్‌కు హెచ్‌టీఎంఎల్‌లో బి ట్యాగ్ బదులు స్ట్రాంగ్ ట్యాగ్ ఇస్తున్నాం, అంతేగా, ప్యాచ్ వెర్షన్ (చిన్న సవరణకు ఇచ్చే నంబరు) చాలు.

వాస్తవం: బి ట్యాగ్‌ను మాత్రమే అనుమతించే సర్వర్ ఎక్కడో ఉంటుంది, అక్కడ బోల్డ్ అంతా పోతుంది. బయటికిచ్చే హెచ్‌టీఎంఎల్ మారితే అది మేజర్ వెర్షనే (పాతవాటితో పొసగకపోవచ్చని చెప్పే నంబరు). ప్రతి పాత వెర్షన్‌లో సేవ్ చేసిన డాక్యుమెంట్లు మేం దాచి ఉంచుతాం. రిలీజుకు ముందు వాటిని కొత్త ఎడిటర్‌లో తెరిచి, మళ్లీ సేవ్ చేసి, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాం. ఒక్క ట్యాగ్ తేడా వచ్చినా ఆ రోజు రిలీజు ఉండదు.