మామూలు అనే మాట వెనుక

గుంటూరులో ఒక రిజిస్ట్రేషన్ కార్యాలయం ఎదుట దస్తావేజు లేఖరి నా ముందు వేసిన లెక్క ఇంకా గుర్తుంది. స్టాంపు డ్యూటీ, ఫీజు, రాతకూలి, చివరి వరుసలో ‘ఇతర ఖర్చులు’. అవేమిటని అడిగితే, “లోపల మామూలేనండీ” అన్నాడు, గొంతు తగ్గించకుండానే.

లంచం తీసుకునేవారి మనసు అర్థం కావాలంటే ఆ తగ్గని గొంతు దగ్గరే మొదలుపెట్టాలి. మామూలు అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చిన మాట. ఆనవాయితీ అని దాని అర్థం. గుంటూరు సీమ 1788లో కంపెనీ చేతికి వచ్చింది. దొర కలెక్టరే అయినా లెక్కలన్నీ కరణాల, కచేరీ ఉద్యోగుల గుప్పిట్లో ఉండేవి. 1832-33 నాటి డొక్కల కరువుతో జిల్లా చితికిపోయింది. 1845లో విచారణకు వచ్చిన కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్, రాబడి పడిపోవడంలో రెవెన్యూ ఉద్యోగుల అక్రమాలను ఎత్తిచూపారు. 1860 శిక్షాస్మృతిలోని 161వ సెక్షన్ లంచాన్ని నేరమంది. జనం నోట మాత్రం అది మామూలుగానే మిగిలింది.

పేరుకు ఇంత బలం ఎందుకు? అమెరికాలో నేరాలను అధ్యయనం చేసిన డొనాల్డ్ క్రెసీ, తమను నమ్మినవారి సొమ్ము కాజేసి జైలుకు వెళ్లినవారితో మాట్లాడి 1953లో ఒక సంగతి బయటపెట్టారు. చెయ్యి చాచకముందే వాళ్లు తమకు తాము ఒక సమర్థన చెప్పుకున్నారు; ‘అప్పుగా వాడుకుంటున్నాను’ అనేది వాటిలో ఒకటి. మన కార్యాలయాల్లో కొత్తగా చేరినవాడు సమర్థన వెతుక్కోనక్కర్లేదు, అది సిద్ధంగా ఉంటుంది. ‘నేను అడగలేదు, వాళ్లే ఇచ్చారు.’ ‘పోస్టింగుకు పెట్టింది రావాలి కదా.’ పైగా వచ్చినది పంచుకుంటారు. వాటా వద్దన్నవాడిని చూసి మిగతావారు భయపడతారు, అతన్ని దూరం పెడతారు. చాలామందిని మొదటిసారి లొంగదీసేది డబ్బు మీద ఆశ కన్నా ఈ ఒంటరితనమేనని నా నమ్మకం.

ఇచ్చేవారి తొందర కూడా దీనికి తోడవుతుంది. ఫైలు కదలడానికే డబ్బు ఇచ్చే అలవాటు పాతుకుపోయిందని అవినీతి నిరోధంపై కేంద్రం వేసిన సంతానం కమిటీ 1964లోనే చెప్పింది. 1988 అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణతో ఇచ్చినవారూ నేరస్థులే. బలవంతం మీద ఇచ్చి, 7 రోజుల్లో ఫిర్యాదు చేసినవారికి మినహాయింపు ఉంది.

ఆ చివరి వరుసకు నేను డబ్బు ఇవ్వలేదు. సాయంత్రం దాకా నా కాగితం కదల్లేదు. పక్క బెంచీ మీది పెద్దాయన నావైపు జాలిగా చూసి, “మామూలు ఇవ్వలేదా బాబూ?” అని అడిగాడు.