అగ్గిపెట్టె లేని వంటగది

చిరంజీవులు మేఘన, ఆదిత్యలకు తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. సెలవులకు మీ అత్త దగ్గరికి వెళ్లడానికి టికెట్లు తీశామని మొన్న మీ నాన్న ఫోన్ చేశాడు. వెనకాల నుంచి ఆదిత్య గొంతు కూడా వినపడింది. "విమానంలోకి అగ్గిపెట్టె కూడా తీసుకెళ్లనివ్వరు కదా, మరి అన్నం వేడివేడిగా ఎలా పెడతారు?" అని. విమానాల మెయింటెనెన్స్‌లో పనిచేసి రిటైరైన నన్ను అలాంటి ప్రశ్న అడిగితే ఫోన్‌లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోవడం నా వల్ల కాదు. అందుకే ఉత్తరం.

అసలు విమానంలో వంట చేయరు. కింద, ఎయిర్‌పోర్టు దగ్గర పెద్ద ఫ్లైట్ కిచెన్‌లో వండి, త్వరగా చల్లార్చి, చల్లటి గదిలో ఉంచి, లారీలో తెచ్చి ఎక్కిస్తారు. పైన జరిగేది వేడి చేయడం ఒక్కటే. ఆ చోటును గ్యాలీ అంటారు. చాలా విమానాల్లో ముందొకటి, వెనకొకటి ఉంటాయి. ఒవెన్, నీళ్లు కాచే బాయిలర్, కాఫీ మేకర్ అన్నీ కరెంటుతో నడిచేవే. ఆ కరెంటు కూడా మన ఇంట్లోది కాదు. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అక్కడ 115 వోల్టులు, 400 హెర్ట్జ్. పెద్ద విమానాల క్యాబిన్‌లో గాలి పీడనం కింద ఉన్నదానికంటే తక్కువ, దాదాపు ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంత. ఆ ఎత్తులో నీళ్లు సుమారు 92 డిగ్రీలకే మరిగిపోతాయి. పైన టీ చప్పగా ఉందని మీ నానమ్మ ప్రతిసారీ విసుక్కుంటుంది. అందులో టీ పొడి తప్పేమీ లేదు.

నిప్పు లేకుండా గాల్లో వంట చేయడం ఎప్పుడో మొదలైంది. 1936లో జర్మనీవాళ్లు హిండెన్‌బర్గ్ అనే, తేలిక గ్యాసుతో గాల్లో తేలే పెద్ద ఎయిర్‌షిప్‌ని నడిపారు. పైన సంచుల నిండా హైడ్రోజన్, కింద ప్రయాణికులు. చిన్న రవ్వ తగిలినా అంతే సంగతులు. అందుకని వంటగది మొత్తం కరెంటుతోనే పెట్టారు. విచిత్రం ఏమిటంటే, అందులో పొగ తాగడానికి ఒక గది కూడా ఉండేది! హైడ్రోజన్ లోపలికి రాకుండా ఆ గదిలో గాలి పీడనం కాస్త ఎక్కువ ఉంచేవారు, రెండు తలుపులు దాటి వెళ్లాలి, లోపల ఒక్కటే ఎలక్ట్రిక్ లైటర్. 1937 మే 6న అమెరికాలోని లేక్‌హర్స్ట్ దగ్గర దిగుతూ ఆ ఎయిర్‌షిప్ కాలిపోయింది. 36 మంది చనిపోయారు. మంట తోక వైపు మొదలైంది. వంటగది ఉన్నది ముందు వైపు.

మరి బర్నరే లేని చోట మంట ఎలా వస్తుందంటారా? జిడ్డు వల్ల. అల్యూమినియం డబ్బాలో ఉన్న చికెన్ గ్రేవీ కాస్త కారి ఒవెన్ అడుగున పడుతుంది. ఆ ట్రిప్పులో ఏమీ కాదు. తుడవకుండా వదిలేస్తే మళ్లీ మళ్లీ కాలి నల్లగా అట్టకడుతుంది. ఒక రోజు పొగ, ఇంకో రోజు చిన్న మంట. నేను ఒవెన్ విప్పినప్పుడు ఫ్యాన్ వెనకాల అట్టకట్టిన ఆ నల్లటి పొరను గీకి తీయాల్సి వచ్చేది. వేలితో నొక్కితే తారులా అంటుకునేది. ఇంకో కారణం చోటు చాలకపోవడం. గ్యాలీలో ప్రతి అంగుళానికీ గిరాకీ కదా, ఖాళీ ఒవెన్ కనపడితే అందులో న్యాప్‌కిన్లో, ప్లాస్టిక్ గ్లాసులో దాచేయాలనిపిస్తుంది. తర్వాత వచ్చినవాళ్లు చూడకుండా స్విచ్ వేస్తారు. ఒవెన్‌లో భోజనం తప్ప ఏదీ పెట్టకూడదని, వేసే ముందు తలుపు తీసి చూడాలని విమాన సిబ్బందికి, అంటే క్రూకి, శిక్షణలో పదే పదే చెబుతారు.

ఇప్పుడు అసలు విషయం. ఒవెన్‌లోంచి పొగ వస్తుంటే మీరైతే ఏం చేస్తారు? తలుపు తీసి చూస్తారు, అంతేగా? క్యాబిన్ క్రూ మాత్రం తీయరు. స్విచ్ ఆపుతారు, ఆ ఒవెన్‌కి కరెంటు తెగగొట్టే బటన్‌ని, అంటే సర్క్యూట్ బ్రేకర్‌ని, బయటికి లాగుతారు, తలుపు మూసే ఉంచుతారు. మంటకు ప్రాణవాయువు కావాలి. మూసిన పెట్టెలో ఉన్న కాస్త గాలీ అయిపోతే చాలాసార్లు అదే ఆరిపోతుంది. ఆత్రంగా తలుపు తెరిస్తే కొత్త గాలి లోపలికి, మంట బయటికి. బాణలిలో నూనె అంటుకుంటే మీ అమ్మ స్టవ్ ఆపి మూత పెడుతుంది చూడండి, ఆ లెక్కే ఇది. నాకు తెలిసి ఈ పనిలో అన్నింటికంటే కష్టమైంది అలా చేతులు కట్టుకుని చూస్తూ ఉండటమే. పొగ కనపడుతుంటుంది, ప్రయాణికులు మెడలు చాపి చూస్తుంటారు, ఏదో ఒకటి చేసేయాలని చేతులు దురద పెడతాయి.

నిజానికి ఆ కాసేపట్లో చాలా జరుగుతుంది. ఒకరు ఒవెన్ ముందు ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పట్టుకుని సిద్ధంగా ఉంటారు. ఒకరు ఇంటర్‌ఫోన్‌లో పైలట్‌కి చెబుతారు: ఎక్కడ, ఏ రంగు పొగ, ఎంత. ఇంకొకరు రెండో ఎక్స్‌టింగ్విషర్, పొగలో ఊపిరి ఆడటానికి తలకు తొడుక్కునే హుడ్ తెచ్చి అందిస్తారు. ఆ హుడ్‌లో సుమారు పావుగంటకు సరిపడా ఆక్సిజన్ ఉంటుంది. మంట ఆరలేదనిపిస్తే అప్పుడు తలుపు గొట్టం మూతి పట్టేంత మాత్రమే తెరిచి, లోపలికి కొట్టి, వెంటనే మూసేస్తారు. ఆ తలుపును కానీ, గోడ ప్యానెల్‌ని కానీ ముట్టి చూడాల్సి వస్తే అరచేత్తో ముట్టరు, చేతి వెనక భాగంతో ముడతారు. వేడి అక్కడ త్వరగా తెలుస్తుంది. ఒకవేళ చురుక్కుమన్నా అరచెయ్యి పనికి మిగులుతుంది. ఇదంతా చదివి నేర్చుకుంటే చాలదు. శిక్షణలో నిజం మంట పెట్టి ఆర్పిస్తారు.

పైలట్ చేతిలోనూ ఒక ఉపాయం ఉంది. మన దగ్గర ఎక్కువగా తిరిగే ఎయిర్‌బస్ ఏ320లో పైలట్ తల పైన ఉండే ప్యానెల్‌లో గ్యాలీ, క్యాబిన్ కరెంటు ఆపేయడానికి ఒక బటన్ ఉంటుంది. అది నొక్కితే వెనకాల కాఫీ మేకర్లు, ఒవెన్లు అన్నీ చల్లబడతాయి. భోజనం సంగతి తర్వాత.

బ్రేకర్ అన్నాను కదా, దాని గురించి ఒకటి చెప్పాలి. ఇంట్లో ఎంసీబీ ట్రిప్ అయితే మీ నాన్న వెంటనే పైకి ఎత్తేస్తాడు. విమానంలో అది పనికిరాదు. 1983 జూన్ 2న ఎయిర్ కెనడా వారి డీసీ-9 విమానం ఒకటి డల్లాస్ నుంచి టొరంటో వెళ్తోంది. ఫ్లైట్ నంబర్ 797, లోపల 46 మంది. వెనక టాయిలెట్ ఫ్లష్ మోటారుకు చెందిన మూడు బ్రేకర్లు పడిపోయాయి. కెప్టెన్ మళ్లీ నొక్కి చూశారు, నిలవలేదు. కాసేపాగి ఇంకోసారి ప్రయత్నించారు, నిలవలేదు. ఆ తర్వాత వెనక కూర్చున్న ప్రయాణికుడికి కాలిన వాసన వచ్చింది. టాయిలెట్‌లో పొగ. క్రూ ప్రయాణికులను ముందుకు జరిపి, తడి టవళ్లు ఇచ్చి వాటిలోంచి ఊపిరి పీల్చుకోమన్నారు. సిన్సినాటి ఎయిర్‌పోర్టులో దించారు, తలుపులు తెరిచారు, జనం దిగడం మొదలుపెట్టారు. ఒకటి, ఒకటిన్నర నిమిషంలోపే లోపల ఒక్కసారిగా భగ్గుమంది. 23 మంది బయటపడ్డారు, 23 మంది చనిపోయారు. మంట ఎక్కడ పుట్టిందో దర్యాప్తులో తేలలేదు కానీ, దాని తీవ్రతను తక్కువ అంచనా వేశారని నివేదికలో రాశారు. ఆ తర్వాతే టాయిలెట్లలో పొగ పసిగట్టే పరికరాలు, చెత్తబుట్టలో వేడి తగిలితే తనంతట తానే పనిచేసే చిన్న ఎక్స్‌టింగ్విషర్, చీకట్లో దారి చూపే నేల మీది లైట్లు తప్పనిసరి అయ్యాయి. ఈసారి ఎక్కినప్పుడు ఆ లైట్ల వరస చూడండి.

టాయిలెట్ తలుపు దగ్గర యాష్‌ట్రే కూడా కనపడుతుంది. పొగ తాగకూడదని రాసి, పక్కనే యాష్‌ట్రే ఏమిటని మేఘన నవ్వుతుందని నాకు తెలుసు. కానీ రూల్ ప్రకారం అది ఉండి తీరాలి. ఎవరో ఒక తెలివితక్కువవాడు దొంగతనంగా సిగరెట్ వెలిగించాడనుకోండి, దాన్ని కాగితాలున్న చెత్తబుట్టలో పడేయకుండా ఉండటానికి. గ్యాలీ చెత్తబుట్టల మూతలు కూడా స్ప్రింగుతో వాటంతటవే మూసుకుంటాయి. లోపల ఏదైనా అంటుకున్నా మంట అందులోనే ఉండిపోవాలి.

క్రూ చేతిలోని ఎక్స్‌టింగ్విషర్‌లో చాలా ఏళ్లు హేలాన్ అనే గ్యాస్ వాడారు. మంటను గట్టిగా ఆపుతుంది, సామాన్లు పాడుచేయదు, కరెంటు ఉన్నచోట కూడా కొట్టొచ్చు. కాకపోతే ఓజోన్ పొరకు హాని చేస్తుంది. 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత దాని తయారీ ఆపేస్తూ వచ్చారు, ఇప్పుడు కొత్త విమానాల్లో వేరే రసాయనాలు పెడుతున్నారు.

ఈ రోజుల్లో క్రూకి ఒవెన్ కంటే ఎక్కువ టెన్షన్ పెట్టేవి మీ జేబుల్లో ఉన్నవి. ఫోన్లు, పవర్ బ్యాంకులు. లిథియం బ్యాటరీ లోపల దెబ్బతింటే వేడెక్కి, ఆ వేడికి అందులోనే పక్కనున్న అర (సెల్) కూడా వేడెక్కి, వరసగా అంటుకుంటాయి. హేలాన్ కొడితే మంట ఆగినా లోపలి వేడి తగ్గదు, కాసేపటికి మళ్లీ రాజుకుంటుంది. దాన్ని చల్లార్చాలి. అందుకు నీళ్లు కావాలి, నీళ్లు ఎక్కడున్నాయి? గ్యాలీలో. మంచినీళ్ల సీసాలు, కూల్‌డ్రింకులు, ఏది దొరికితే అది పోస్తారు, మద్యం తప్ప. ఐస్ మాత్రం వేయరు. వేస్తే పైన కప్పేసి వేడిని లోపలే ఆపుతుంది. పవర్ బ్యాంకును చెకిన్ బ్యాగులో పెట్టనివ్వరు, చేతి బ్యాగులోనే ఉంచమంటారు. కార్గోలో అంటుకుంటే దాని దగ్గరికి వెళ్లి నీళ్లు పోసేవాళ్లు ఎవరూ ఉండరు కదా.

కాబట్టి ఆదిత్యా, ఫోన్ సీటు సందులో జారిపోతే సీటు వెనక్కి ముందుకి కదపకు. మధ్యలో నలిగితే బ్యాటరీ చితికిపోతుంది. బెల్ కొట్టి క్రూని పిలువు. ఎక్కడైనా కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చినా అంతే. "నా భ్రమేమో, నవ్వుతారేమో" అని ఆగొద్దు. ఎవరూ నవ్వరు. వాళ్లు వచ్చి చూసి, ఒవెన్‌లో రొట్టె మాడిందని చెప్పి వెళ్తారు, లేదా నీకు థాంక్స్ చెబుతారు.

ఇంకో మాట. నానమ్మ మీ అత్తకని సున్నుండలు, గోంగూర పచ్చడితో పాటు ఎండుకొబ్బరి చిప్పలు కూడా కడుతోంది. సున్నుండలు సరే, పచ్చడి గట్టిగా మూత బిగించి చెకిన్ బ్యాగులో వేయండి. కొబ్బరి చిప్పలు మాత్రం తీసేయమని చెప్పాను. నూనె ఎక్కువగా ఉండి, కుక్కి కుక్కి పెడితే తనంతట తానే వేడెక్కే సరుకు కాబట్టి విమానాల్లో దాన్ని ఒప్పుకోరు. నానమ్మ నా మాట వినడం లేదు, మేఘన ఒకసారి ఫోన్ చేసి చెబితే వింటుంది.

ఇట్లు,
మీ తాతయ్య