ఇరవై నాలుగో ఓటు: జర్మన్ ఫుట్‌బాల్‌లో 50+1 నిబంధన వెనుక కథ

2024 ఏప్రిల్ 14న బేయర్ లెవర్‌కుసెన్ జట్టు వెర్డర్ బ్రేమెన్‌ను 5-0 తేడాతో ఓడించి, ఇంకా ఐదు మ్యాచ్‌లు మిగిలి ఉండగానే, జర్మనీ అత్యున్నత ఫుట్‌బాల్ లీగు బుండెస్‌లిగాను తన చరిత్రలో తొలిసారి గెలుచుకుంది. వరుసగా పదకొండు సీజన్లు టైటిల్‌ను ఎవరికీ వదలని బయెర్న్ మ్యూనిక్ ఆధిపత్యానికి దానితో తెరపడింది. షాబి అలోన్సో శిక్షణలో ఆ జట్టు 34 మ్యాచ్‌లలో 28 గెలిచి, 6 డ్రా చేసుకుని, ఒక్క ఓటమి కూడా లేకుండా 90 పాయింట్లతో సీజన్ ముగించింది. అయితే ఆ సీజన్‌లో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా జర్మన్ స్టేడియంలను కుదిపేసిన వివాదానికీ లెవర్‌కుసెన్ ఆటకూ సంబంధం లేదు. అది ఒక రహస్య బ్యాలెట్‌కు, అందులో పడిన ఒకే ఒక్క ఓటుకు సంబంధించిన వివాదం.

జర్మనీలోని మొదటి రెండు డివిజన్ల క్లబ్బులు 36. లీగు నిర్వహణ సంస్థ డీఎఫ్‌ఎల్ వీటన్నిటి ఉమ్మడి వేదిక. ప్రసార హక్కుల వ్యాపారాన్ని ఒక అనుబంధ కంపెనీకి మార్చి, ఆ ఆదాయంలో సుమారు 8 శాతం వాటాను 20 ఏళ్లపాటు ఒక పెట్టుబడి సంస్థకు ఇచ్చి, అందుకు బదులుగా దాదాపు 100 కోట్ల యూరోలు తీసుకోవాలన్న ప్రతిపాదనపై ఈ క్లబ్బులు 2023 డిసెంబరు 11న ఓటు వేశాయి. నెగ్గడానికి మూడింట రెండు వంతుల మద్దతు, అంటే 24 ఓట్లు కావాలి. సరిగ్గా 24 వచ్చాయి. పది క్లబ్బులు వ్యతిరేకించాయి, రెండు తటస్థంగా ఉండిపోయాయి. అదే ఏడాది మే 24న ఇంతకంటే పెద్ద ప్రతిపాదన, 12.5 శాతం వాటాకు సుమారు 200 కోట్ల యూరోలు, 20 ఓట్ల దగ్గరే ఆగి వీగిపోయింది. ఒకసారి కాదన్న విషయాన్నే కొంచెం తగ్గించి ఏడాది తిరగకముందే మళ్లీ తెచ్చారన్న కోపం అభిమానుల్లో అప్పటికే ఉంది.

చట్టప్రకారం చూస్తే ఈ ఒప్పందం వల్ల ఏ క్లబ్బు యాజమాన్యమూ మారదు, క్లబ్బుల్లో ఆఖరి మాట సభ్యుల సంఘానిదే కావాలనే 50+1 నిబంధనలో ఒక్క అక్షరమూ మారదు. అయినా గొడవ తిరిగి తిరిగి ఆ నిబంధన దగ్గరికే చేరడానికి కారణం జర్మన్ క్లబ్బుల పుట్టుకలోనే ఉంది.

జర్మనీలో ఫుట్‌బాల్ క్లబ్బు అంటే మొదటినుంచీ నమోదిత సంఘం. ఏటా రుసుము కట్టే సభ్యులే సర్వసభ్య సమావేశంలో తమ నాయకత్వాన్ని ఎన్నుకుంటారు, లెక్కలు అడుగుతారు, నచ్చకపోతే దింపేస్తారు. ఫుట్‌బాల్‌తో పాటు హ్యాండ్‌బాల్, జిమ్నాస్టిక్స్ వంటి విభాగాలు కూడా చాలా సంఘాల్లో ఉంటాయి. జట్టుకు యజమాని ఉండటం సహజమనుకునే ఐపీఎల్ ప్రేక్షకులకు ఈ ఏర్పాటు కాస్త వింతగా తోచవచ్చు.

డబ్బు తీసుకుని ఆడటాన్నే జర్మన్ ఫుట్‌బాల్ సమాఖ్య, అంటే డీఎఫ్‌బీ, చాలాకాలం అనుమానంగా చూసింది. 1954లో ప్రపంచకప్ గెలిచిన పశ్చిమ జర్మనీకి అప్పటికి దేశమంతటికీ కలిపి ఒక లీగే లేదు. ప్రాంతీయ లీగుల్లో ముందు నిలిచిన జట్లు చివరన తలపడి జాతీయ విజేతను తేల్చుకునేవి. 1962 జులై 28న డోర్ట్‌మండ్‌లో జరిగిన డీఎఫ్‌బీ సమావేశం బుండెస్‌లిగాకు అంగీకరించగా, 1963 ఆగస్టు 24న 16 జట్లతో తొలి సీజన్ మొదలైంది. కొలోన్ జట్టు తొలి విజేత. జీతాలపై గరిష్ఠ పరిమితిని మాత్రం డీఎఫ్‌బీ వదల్లేదు. బల్ల కింద చెల్లింపులకు అలవాటుపడిన ఆ వాతావరణంలోనే 1971లో మ్యాచ్‌ల కొనుగోలు కుంభకోణం బద్దలైంది.

తర్వాతి పాతికేళ్లలో ప్రైవేటు టీవీ ఛానళ్ల రాకతో ప్రసార హక్కుల ధర అనేక రెట్లయింది. ఒప్పందం ముగిసిన ఆటగాడు బదిలీ రుసుము లేకుండా మరో క్లబ్బుకు వెళ్లవచ్చని 1995లో బోస్మన్ కేసులో యూరోపియన్ న్యాయస్థానం తేల్చడంతో జీతాలూ అదే దారి పట్టాయి. కోట్ల లావాదేవీలు చేసే వ్యాపారాన్ని స్థానిక క్రీడాసంఘం చట్రంలో ఇక నడపలేమని పెద్ద క్లబ్బులు పట్టుబట్టగా, 1998 అక్టోబరు 24న డీఎఫ్‌బీ మహాసభ వృత్తి ఫుట్‌బాల్ విభాగాన్ని కంపెనీగా విడదీసుకోవడానికి అనుమతించింది. ఆ అనుమతికి పెట్టిన షరతే 50+1: కంపెనీలో మూల సంఘానికి సగం ఓట్లు, వాటిపైన కనీసం మరొక ఓటు ఉండి తీరాలి.

ఇక్కడ గమనించవలసింది, నిబంధన ఓట్ల గురించి మాట్లాడుతుందే తప్ప పెట్టుబడి గురించి కాదు. కంపెనీ మూలధనంలో అధికభాగం బయటివారి చేతిలో ఉన్నా, నిర్ణయాధికారం సంఘం చేతిలో ఉంటే చాలు. 2000లో షేర్ మార్కెట్‌లోకి వెళ్లిన డోర్ట్‌మండ్ క్లబ్బు ఈ మార్గంలోనే నడిచింది. అదే క్లబ్బు విచ్చలవిడిగా ఖర్చు చేసి 2005లో దివాలా అంచుకు చేరింది కాబట్టి, సభ్యుల చేతిలో పగ్గాలుంటే ఆర్థిక వివేకం దానంతటదే వస్తుందన్న వాదన నిలవదు. నిబంధనను సమర్థించేవారు ఈ ఉదాహరణను అంతగా తలచుకోరు.

పుట్టినరోజునే 50+1కు మినహాయింపులు కూడా పుట్టాయి. 1999 జనవరి 1 నాటికి ఇరవై ఏళ్లకు పైగా ఒక సంస్థ నిరంతరాయంగా, గణనీయంగా క్లబ్బును పోషించి ఉంటే దానికి పూర్తి అధికారం ఉండవచ్చు. ఈ వెసులుబాటు పొందినవి రెండు. ఒకటి, రసాయనాల కంపెనీ బేయర్ ఉద్యోగుల కోసం 1904లో ఏర్పడిన లెవర్‌కుసెన్. రెండోది, ఫోక్స్‌వాగన్ కర్మాగారం చుట్టూ పెరిగిన పట్టణంలోని వోల్ఫ్స్‌బర్గ్. 2023-24లో ఓటమి ఎరుగని విజేతగా నిలిచింది ఈ మినహాయింపు క్లబ్బుల్లో ఒకటి కావడం ఆ సీజన్‌లోని అసలు విడ్డూరం.

హన్నోవర్ 96 క్లబ్బు అప్పటి అధిపతి, వినికిడి యంత్రాల వ్యాపారి మార్టిన్ కిండ్ ఈ మినహాయింపులను ఒప్పుకోలేదు. 2009లో నిబంధననే ఎత్తివేయాలని ఆయన పెట్టిన ప్రతిపాదనను 36 క్లబ్బుల్లో 32 తిరస్కరించాయి. అయినా పట్టు వదలక మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్లగా, 1999 నాటి గడువు తేదీ వివక్షతో కూడుకున్నదని 2011లో తీర్పు వచ్చింది. ఇరవై ఏళ్లు పోషించిన వారెవరైనా ఇక మినహాయింపు అడగవచ్చు. ఆ దారిలో మొదట నడిచింది శాప్ సాఫ్ట్‌వేర్ సంస్థ సహవ్యవస్థాపకుడు డీట్‌మార్ హాప్. 2015లో హోఫెన్‌హైమ్ క్లబ్బులో ఆయనకు మెజారిటీ ఓట్లు దక్కాయి. ఇతర క్లబ్బుల అభిమానుల ద్వేషం ఆయన్ను ఏళ్ల తరబడి వెంటాడింది. 2020 ఫిబ్రవరిలో ఆయన్ను దూషించే బయెర్న్ అభిమానుల బ్యానర్ల కారణంగా హోఫెన్‌హైమ్, బయెర్న్ మ్యాచ్ రెండుసార్లు ఆగి, చివరి నిమిషాల్లో రెండు జట్లూ బంతిని ఒకరికొకరు అందించుకుంటూ గడిపేశాయి. 2023లో హాప్ తన ఓట్ల ఆధిక్యాన్ని తానే సంఘానికి తిరిగి ఇచ్చేశారు. కిండ్ దరఖాస్తును మాత్రం ఆయన పోషణ తగినంత కాదంటూ డీఎఫ్‌ఎల్ 2018లో తోసిపుచ్చింది.

లైప్‌జిగ్‌ది వేరే దారి. 2009లో ఒక చిన్న క్లబ్బు ఆడే హక్కును తీసుకుని రెడ్ బుల్ సంస్థ నిర్మించిన ఆ జట్టు 50+1ను కాగితం మీద పాటిస్తూనే, ఓటు హక్కున్న సభ్యులను వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందికి పరిమితం చేసింది.

ఈ నేపథ్యంతో 2023 డిసెంబరుకు వస్తే ఇరవై నాలుగో ఓటు బరువు తెలుస్తుంది. హన్నోవర్‌లో మూల సంఘం నాయకత్వం 2022 జులైలోనే కిండ్‌ను ఫుట్‌బాల్ కంపెనీ మేనేజింగ్ డైరెక్టర్ పదవి నుంచి తొలగించింది. దిగువ కోర్టుల తీర్పుల అండతో ఆయన పదవిలో కొనసాగుతూ వచ్చారు. పెట్టుబడి ప్రతిపాదనకు వ్యతిరేకంగా ఓటు వేయాలని సంఘం ఆయనకు స్పష్టంగా ఆదేశించింది. ఓటింగ్ తర్వాత వ్యతిరేకించిన క్లబ్బులు ఒక్కొక్కటిగా తమ ఓటును బయటపెట్టుకోవడంతో, హన్నోవర్ ఓటు అనుకూలంగా పడి ఉంటుందన్న అనుమానం బలపడింది. బ్యాలెట్ రహస్యమంటూ కిండ్ తన ఓటు ఏమిటో చెప్పలేదు. ఆ ఒక్క ఓటు తగ్గితే ప్రతిపాదన ఓడిపోయేది. సభ్యుల సంఘం ఆదేశాన్ని దాని ప్రతినిధే పక్కనపెట్టగలిగితే, ఆ ఓటుతోనే జాతీయ స్థాయి నిర్ణయం నెగ్గితే, ఇక 50+1 అనే మాటకు మిగిలే అర్థమేమిటని అభిమాన సంఘాలు నిలదీశాయి. లీగు ఆదాయ ఒప్పందం కాస్తా సభ్యాధికారంపై తగాదాగా మారింది ఇక్కడే.

మొదట ప్రతి మ్యాచ్‌లోనూ 12 నిమిషాల మౌనం పాటించారు. జనవరి చివరికి టెన్నిస్ బంతులు వచ్చాయి. ఈ ఆయుధం కొత్తదేమీ కాదు. టికెట్ల ధరలపై 2016లో డోర్ట్‌మండ్ అభిమానులు, సోమవారం రాత్రి మ్యాచ్‌లపై 2018లో ఫ్రాంక్‌ఫర్ట్ అభిమానులు ఇవే విసిరారు, ఆ సోమవారం మ్యాచ్‌లు తర్వాత నిజంగానే రద్దయ్యాయి. ఎవరికీ దెబ్బ తగలదు, ఏరడానికి మాత్రం చాలాసేపు పడుతుంది. ఫిబ్రవరి 3న బెర్లిన్‌లో హెర్తా, హాంబర్గ్ జట్ల మ్యాచ్ అరగంటకు పైగా నిలిచిపోయింది. వారం తర్వాత అదే నగరంలో ఊనియన్, వోల్ఫ్స్‌బర్గ్ మ్యాచ్ రద్దయ్యే దాకా వెళ్లింది. చాక్లెట్ నాణేలు, పొగ బాంబులు కట్టిన రిమోట్ కార్లు కూడా మైదానంలోకి దిగాయి. ప్రత్యక్ష ప్రసారానికి డబ్బు పెట్టబోయే సంస్థకు అదే ప్రసారంలో ఈ దృశ్యాలు చూపించడం మంచి వ్యూహమేనని ఒప్పుకోవాలి.

ఆ వాటా కోసం పోటీలో ఉన్న రెండు పెట్టుబడి సంస్థల్లో బ్లాక్‌స్టోన్ ఫిబ్రవరిలో తప్పుకుంది, సీవీసీ ఒక్కటే మిగిలింది. బహిరంగంగా మళ్లీ ఓటింగ్ జరపాలన్న డిమాండ్ క్లబ్బుల లోపలి నుంచే వినవచ్చింది. 2024 ఫిబ్రవరి 21న డీఎఫ్‌ఎల్ అధ్యక్షమండలి ఆ ప్రక్రియనే ఆపేస్తున్నట్టు ప్రకటించింది.

ఒప్పందం పోయినా హన్నోవర్ లేవనెత్తిన ప్రశ్న పోలేదు. కిండ్ తొలగింపు చెల్లుతుందని జర్మనీ ఫెడరల్ న్యాయస్థానం 2024 జులై 16న తీర్పు చెప్పింది, అప్పటికి సీజన్ ముగిసి రెండు నెలలు కావస్తోంది. 2018 నుంచి ఈ నిబంధనను పరిశీలిస్తున్న గుత్తాధిపత్య నిరోధక సంస్థ బుండెస్‌కార్టెల్‌అమ్ట్ 2025 జూన్‌లో తన ప్రాథమిక అభిప్రాయం వెల్లడించింది. 50+1ను ఉంచుకోవచ్చు, కానీ అందరికీ ఒకే రీతిలో వర్తింపజేయాలని, లెవర్‌కుసెన్, వోల్ఫ్స్‌బర్గ్‌లకిచ్చిన మినహాయింపులు శాశ్వతంగా కొనసాగరాదని, లైప్‌జిగ్ వంటి చోట్ల అభిమానులు ఓటు హక్కున్న సభ్యులుగా చేరే వీలు ఉండాలని, డీఎఫ్‌ఎల్ సొంత ఓటింగుల్లో కూడా మూల సంఘాల మాట చెల్లేలా చూసుకోవాలని అందులో ఉంది.