గీసిందా, తీసిందా? ఫొటో కళేనా అన్న తగువు వెనక కథ

మన ఇళ్లలో గోడకి వేలాడేదల్లా పటమే. రవివర్మ లక్ష్మీదేవి అయినా పటమే, తాతయ్య ఫొటో అయినా పటమే. ఫ్రేము కట్టించి మేకుకి తగిలించాక అది గీసిందా, తీసిందా అని ఎవరూ అడగరు. గట్టిగా అడిగినవి కోర్టులు. ఎందుకంటే అక్కడ డబ్బు లెక్క ఉంది.

1839లో దగేర్ అనే ఆయన ఫొటో తీసే పద్ధతి పారిస్‌లో బయటపడ్డప్పటి నుంచీ ఈ కెమెరా పెట్టె మీద అనుమానాలున్నాయి. మిషను చేసిన పనిలో మనిషి గొప్పేముంది అన్నది మొదటి ప్రశ్న. ఫొటోగ్రఫీ సైన్సుకీ కళలకీ సేవ చేసుకుంటూ పడి ఉండాలని 1859లో కవి బోదలేర్ చురక వేశాడు. (ఆయనే నాదార్ అనే ఫొటోగ్రాఫర్ కెమెరా ముందు కూర్చున్నాడు కూడా. ఇవాళ బోదలేర్ అనగానే మనకి గుర్తొచ్చే మొహాల్లో ఆ ఫొటోలూ ఉన్నాయి.)

మాటల గొడవ కేసు దాకా వెళ్లింది 1862లో. పారిస్‌లో మేయర్, పియర్సన్ అనే స్టూడియోవాళ్లు ఇటలీ నేత కవూర్ ఫొటో అమ్ముకుంటుంటే ఇంకొకరు దాన్ని కాపీ కొట్టారు. కాపీని ఆపాలంటే 1793 నాటి కాపీరైట్ చట్టం కింద తమది కళేనని చూపించాలి. కింది కోర్టు కాదంది, పై కోర్టు కావచ్చంది. ఆ తీర్పు మీద అంగ్ర్ సహా పేరున్న చిత్రకారులు సంతకాలు పెట్టి నిరసన తెలిపారు. స్టూడియోవాళ్లు అడిగింది సన్మానం కాదు, దొంగని ఆపమని. నా దృష్టిలో ఈ తగువు అసలు రంగు అక్కడే బయటపడింది.

ఇరవై ఏళ్లకి ఇదే కథ అమెరికాలో ఇంకా పెద్దగా నడిచింది. 1882 జనవరిలో ఐరిష్ రచయిత ఆస్కార్ వైల్డ్ ఉపన్యాసాలివ్వడానికి న్యూయార్క్ వచ్చాడు. నెపోలియన్ సరోనీ స్టూడియోలో ఫొటోలు దిగాడు. వాటిలో 18వ నంబరు ఫొటో చూడండి. వెల్వెట్ కోటు, మోకాళ్ల దాకా లాగు, పట్టు మేజోళ్లు. ముందుకు వంగి చెంపకి చెయ్యి ఆనించుకున్నాడు, ఇంకో చేతిలో పుస్తకం. బరో-జైల్స్ అనే లిథోగ్రాఫ్ (రాతి అచ్చు) కంపెనీ దీన్ని అడక్కుండా 85,000 కాపీలు అచ్చు వేసింది. సరోనీ కేసు వేస్తే వాళ్ల వాదన ఒక్కటే: అమెరికా రాజ్యాంగం కాపీ హక్కు ఇమ్మన్నది ‘రచయిత’కి. ఎదురుగా ఉన్నదాన్ని మిషను దింపేస్తే అందులో రచయిత ఎక్కడున్నాడు?

1884లో సుప్రీం కోర్టు సరోనీ వైపు మొగ్గింది. వైల్డ్‌ని అలా కూర్చోబెట్టింది, బట్టలూ తెరలూ ఎంచింది, వెలుగునీడలు అమర్చింది, మొహంలో ఆ భావం రప్పించింది సరోనీయే కాబట్టి రచయిత ఆయనే అంది. ఆయనకి దక్కింది 610 డాలర్లు. తమాషా ఏమిటంటే, సరోనీ స్టూడియోలో కెమెరా పని చూసుకునేది అసిస్టెంటు. అంటే కోర్టు గుర్తించింది బటన్ నొక్కిన వేలిని కాదు, ఫోజు పెట్టించిన బుర్రని. మరి మామూలుగా తీసిన ఫొటో సంగతో? అది ఇప్పుడు తేల్చం అని వదిలేసింది. ఏఐ బొమ్మలకి కాపీరైట్ ఇవ్వాలా అన్న గొడవలో అమెరికా కాపీరైట్ ఆఫీసు మళ్లీ ఈ తీర్పునే ముందు పెట్టుకుంది.

ఆ తర్వాతి చరిత్ర చాలామంది చెప్పిందే. ఫొటోగ్రాఫర్ స్టీగ్లిట్జ్ 1902లో న్యూయార్క్‌లో ఫొటో కూడా కళేనని చాటే ఫొటో-సెసెషన్ అనే బృందం పెట్టాడు. ఆ రోజుల్లో కొందరు ఫొటోని పెయింటింగులా కనిపించేట్టు ప్రింటు మీద బ్రష్షు కూడా ఆడించారు. ఫొటో ఫొటోలాగే ఉంటే చాలన్న ధైర్యం తర్వాత వచ్చింది. 1940లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఫొటోగ్రఫీకి ప్రత్యేక విభాగం తెరిచింది.

హైదరాబాద్‌లో మాత్రం ఈ పేచీ లేకుండానే పని జరిగిపోయింది. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో ఉద్యోగం చేసిన దీన్ దయాళ్‌ని ఆరో నిజాం తన ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా పెట్టుకున్నాడు. 1890లలో ‘రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్’ అని బిరుదిచ్చాడు. ముసవ్విర్ అంటే ఉర్దూలో చిత్రకారుడు. కెమెరావాడికి కుంచెవాడి పేరు పెట్టడానికి నిజాంకి ఏ కోర్టు తీర్పూ అవసరం కాలేదు.

మన 1957 కాపీరైట్ చట్టం పెయింటింగ్, శిల్పాలతో పాటు ఫొటోని కూడా ‘కళాకృతి’ అనే అంది. పైగా అందులో కళా విలువ ఉన్నా లేకపోయినా సరే అంది. తగువు ఇంత సులువుగా తీర్చిన వాక్యం ఇంకోటి ఉండదు. కానీ గడువు దగ్గర వివక్ష మిగిలింది. చిత్రకారుడి హక్కు ఆయన బతికినంత కాలం, ఆపైన 60 ఏళ్లు. ఫొటోకేమో ప్రచురించినప్పటి నుంచి 60 ఏళ్లే. ఇరవై ఏళ్లకి తీసి ప్రచురించిన ఫొటో మీద ఎనభై దాటిన ఫొటోగ్రాఫర్‌కి హక్కు ఉండేది కాదు. 2012 సవరణలో ఫొటోకి వేరే గడువు పెట్టిన ఆ సెక్షన్ ఎత్తేశారు.

ఇంకో మెలిక ఇప్పటికీ ఉంది. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు డబ్బిచ్చినవాళ్లే. బొమ్మ గీయించుకున్నా అంతే. తలంబ్రాల వేళ పెళ్లికూతురి నవ్వు అద్భుతంగా పట్టుకున్న ఫొటోగ్రాఫర్ దాన్ని ఇన్‌స్టాలో పెట్టుకోవాలన్నా, స్టూడియో అద్దంలో పెద్దది చేసి పెట్టాలన్నా పెళ్లివారిని అడగాల్సిందే. అడ్వాన్స్ పుచ్చుకునేటప్పుడే కాగితం మీద ఆ ఒక్క లైనూ రాయించుకుంటే తప్ప.